డబ్లిన్‌లో ఫ్రెంచి విప్లవం

డబ్లిన్, కాలిఫోర్నియా
మే 5

బావా,

ఫోన్ చేస్తే నీ చెవి మిషన్ ఈల వేస్తుంది. వాట్సాప్‌లో రాస్తే నీ కళ్లజోడు ఎప్పుడూ పక్క గదిలోనే ఉంటుంది. అందుకని కాగితం తీశాను. నీ చెల్లెలూ నేనూ ఇక్కడికి వచ్చి మూడు వారాలైంది. నమ్రత, అల్లుడు కౌశిక్ ఉదయం ఎనిమిదింటికల్లా ఆఫీసులకు వెళ్లిపోతారు. నువ్వేమో మీ రవిశంకర్ ఇంట్లో, పిస్కాటవేలో, ఈ దేశానికి ఆ చివర కూర్చున్నావు. నా మాట వినేవాడు ఇక్కడ ఒక్కడూ లేడు.

ఈ రోజు తేదీ చూశావా? 1789లో సరిగ్గా ఈ రోజునే పదహారో లూయీ వెర్సాయ్‌లో మూడు వర్గాల సభ పెట్టాడు. మొదటి వర్గం మతగురువులు, రెండోది ప్రభువులు, మూడోది మిగతా దేశమంతా. పన్నులు కట్టేది మూడో వర్గం, అనుభవించేది మొదటి రెండూ. కాకినాడ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు ఈ పాఠం చెప్పాను. ఏ బ్యాచ్‌లోనూ ఒక్కడైనా చివరిదాకా మెలకువగా ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

ఆ సభ ఇక్కడ మా అమ్మాయి ఇంటికి రెండు వీధుల అవతల, పార్కులో, ప్రతి శనివారం జరుగుతోంది బావా! తెలుగు పెద్దవాళ్ల సంఘం. పేరు ‘శుభోదయం’. కలిసేది సాయంత్రం నాలుగింటికి. మొదటి వర్గం సిటిజన్లు. వాళ్లు షెడ్డు కింద బల్లల దగ్గర కూర్చుంటారు. గ్రీన్‌కార్డు వాళ్లు రెండో వర్గం, వాళ్లది చెట్టు నీడ. ఆరు నెలల వీసా మీద వచ్చిన మేము మూడో వర్గం. కుర్చీలు మోసేది మేము, ఎండలో కూర్చునేది మేము. పైగా వంతుల ప్రకారం ప్రతి విజిటర్ కుటుంబమూ అందరికీ సరిపడా ఒక వంటకం తేవాలి. ఫ్రెంచి రైతు రాజుకు ఉప్పు పన్ను కట్టాడు, మేము పులిహోర పన్ను కడుతున్నాం. మాకు ఓటు మాత్రం లేదు.

అధ్యక్షుడి పేరు పరంధామయ్య, ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరయ్యాడు. ఏడేళ్లుగా ఆయనే. ఓటు సంగతి అడిగితే, “ఆరు నెలల్లో వెళ్లిపోయేవాళ్లకి ఓటెందుకండీ మాస్టారూ, హాయిగా టీ తాగండి” అన్నాడు. ఈ ధోరణి నాకు తెలుసు. ఇది ఎక్కడికి దారి తీస్తుందో కూడా తెలుసు.

ప్రసూన కులాసా.

నీ బావ,
కేశవరావు, ఎం.ఏ., చరిత్ర

*

పిస్కాటవే, న్యూజెర్సీ
మే 17

బావా,

నీ ఉత్తరం అందింది. తపాలా బిళ్ల తిరగేసి అంటించావు. విప్లవం అక్కడే మొదలైందని అర్థమైంది.

నీకు ఫ్రాన్సు మీద మోజు ఈనాటిది కాదు. నెలకోసారి యానాం బస్సెక్కి, “ఫ్రెంచి వాళ్లు ఏలిన నేల, ఆ గాలి పీల్చి వస్తాను” అనేవాడివి. తిరిగొచ్చాక ఆ గాలి వాసన మా అందరికీ తెలిసేది.

నాక్కూడా ఇక్కడ ఫ్రాన్సు ఎదురైంది. మొన్న ఆదివారం రవి మమ్మల్ని స్వేచ్ఛా దేవత దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ ఫ్రాన్సు నుంచి ముక్కలు ముక్కలుగా, రెండు వందల పైచిలుకు పెట్టెల్లో ఓడెక్కి వచ్చిందట. రెండు సూట్‌కేసుల కోసం మనం ఎయిర్‌పోర్టులో ఎంత బతిమాలుకున్నామో గుర్తుందా? స్వేచ్ఛను చూడడానికి ముందు నా బెల్టు తీయించారు. ప్యాంటు పట్టుకుని స్వేచ్ఛ కేసి చూశాను. కోడలు నీహారిక ఫోటో తీసింది, పంపిస్తుందిలే. ఇంటికొచ్చాక రవి ఫ్రెంచి చీజు ఒకటి పెట్టాడు. నీలం నీలంగా ఉంది. మనింట్లో పెరుగు అలా అయితే పారబోస్తాం, వాళ్లు దానికో పేరు పెట్టి దేశాలన్నిటికీ అమ్ముకున్నారు. ఆ జాతి మీద నాకు గౌరవం పెరిగింది.

ఒక మాట. నువ్వు మూడు పేజీలు రాశావు, అందులో చెల్లాయి గురించి రెండే మాటలు. నీహారిక చెబితే తెలిసింది. చెల్లాయి ఫోన్‌లో గంటసేపు శుక్రవారం గురించే చెప్పిందట. ఆ పరంధామయ్యగారి భార్య రజిని శుక్రవారం మధ్యాహ్నం పెద్ద కారు వేసుకొచ్చి, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను ఎక్కించుకుంటుందట. ఆరేడుగురు ఆవిడ వంటింట్లో చేరి శనివారానికి వండుతారట. ఈ దేశం వచ్చాక తనను ‘అమ్మమ్మా’, ‘ఆంటీ’ అనకుండా ‘జ్ఞానప్రసూనా’ అని పిలిచింది ఆవిడొక్కతేనట. వారమంతా ఆ ఇంట్లో ఒక్కతే కూర్చునే మనిషికి అదో ఆధారం. నీ విప్లవంలో ఆ కారుకు అడ్డం పడకు.

విశ్వనాథం

*

డబ్లిన్
జూన్ 22

బావా,

చరిత్ర మళ్లీ జరిగింది! నిన్న మేము ప్రతిజ్ఞ చేశాం.

నిన్న శనివారం వెళ్లేసరికి మా షెడ్డు నిండా బెలూన్లు. ఎవరో పిల్లాడి పుట్టినరోజుకు ఎవరో బుక్ చేసుకున్నారట. “సారీ, ఈ వారం స్లాట్ బుక్ చేయడం మర్చిపోయాను” అన్నాడు పరంధామయ్య. మర్చిపోయాడట! 1789 జూన్ 20న మూడో వర్గం వాళ్లు వచ్చేసరికి వాళ్ల హాలుకు కూడా తాళం వేసి ఉంది. రాజు కూడా మరమ్మతులని ఓ సాకు చెప్పాడు. వాళ్లేం చేశారు? పక్కనే ఉన్న టెన్నిస్ కోర్టుకు వెళ్లి, రాజ్యాంగం వచ్చేదాకా విడిపోమని ప్రమాణం చేశారు. ఇక్కడ టెన్నిస్ కోర్టు లేదు, పికిల్‌బాల్ కోర్టు ఉంది. పదకొండు మందిమి అక్కడ చేతులు ముందుకు చాపి ప్రమాణం చేశాం. తేదీ ఒక్క రోజు తేడా వచ్చింది, శనివారం కోసం సర్దుకున్నాం. ఇద్దరు అమెరికన్ ముసలమ్మలు బ్యాట్లు పట్టుకుని మా కోసం ఓపిగ్గా ఆగారు. ఒకావిడ చప్పట్లు కూడా కొట్టింది, యోగా అనుకుందట.

కరీంనగర్ నుంచి వచ్చిన యాదయ్య అని మంచి కార్యకర్త దొరికాడు. “కేశవన్నా, నువ్వు ఊఁ అను, కుర్చీలన్నీ నేనే గుంజుకొస్త” అన్నాడు. ఇలాంటివాళ్లు దొరికితే ఏ విప్లవమైనా నిలుస్తుంది.

ఇక్కడికి అరగంట దూరంలో లఫాయెట్ అనే ఊరుంది. ఈ దేశ స్వాతంత్ర్యానికి కత్తి పట్టిన ఫ్రెంచి వీరుడి పేరు. కౌశిక్ అటు వెళ్తుంటే కారు ఆపించి, ఊరి బోర్డు పక్కన నిలబడి ఫోటో దిగాను. “మామయ్యా, ఇక్కడ నో స్టాపింగ్” అని అతను కంగారుపడ్డాడు. పాపం, వీసా మీద ఉన్న కుర్రాళ్లకు చరిత్ర పట్టదు.

శుక్రవారం గురించి రాశావు. బావా, అదే దోపిడీ! ఆడవాళ్లను కారులో తీసుకెళ్లి వెట్టి చేయించుకుంటున్నారు. ముందు దాని సంగతే తేలుస్తాను. ప్రసూన కులాసా.

కేశవరావు
మూడో వర్గం ప్రతినిధి

*

పిస్కాటవే
జూలై 2

బావా,

కలెక్టరాఫీసులో ముప్పై మూడేళ్లు ఫైళ్లు మోసినవాణ్ని. పదిహేడు మంది కలెక్టర్లు మారారు. వచ్చిన ప్రతివాడూ మొదటి రోజు కుర్చీ దిశ మార్పించేవాడు, తరువాత పాతవాడు సంతకం పెట్టిన చోటే సంతకం పెట్టేవాడు. విప్లవాల గురించి నాకు తెలిసింది అంతే.

నీ కోసం ఇక్కడి లైబ్రరీలో ఫ్రాన్సు గురించి కొంత చదివాను. మీ రోబెస్పియర్ మొదట్లో మరణశిక్షే వద్దని ఉపన్యాసం ఇచ్చాడట కదా! ఎంత మంచివాడో అనుకుని పేజీ తిప్పాను. రెండు పేజీల తరువాత రోజుకు ఇంతమందని తలలు తీయిస్తున్నాడు. అదీ ప్రజల మేలు కోసమే. నాకు ఆయన్ని చూస్తే నువ్వే గుర్తొచ్చావు. కోపం తెచ్చుకోకు, పొడుగు కూడా నీ అంతే.

ఆ వెట్టి సంగతి నువ్వు చెల్లాయిని అడిగావా, లేక ఆవిడ తరఫున నువ్వే నిర్ణయించావా? నాకు ఇది రాసి పంపు. వేరే ఏమీ రాయకపోయినా ఫరవాలేదు.

విశ్వనాథం

*

డబ్లిన్
జూలై 27

బావా,

బాస్టీల్ కూలింది! జూలై 14 సోమవారం పడింది, అందుకని రెండు రోజుల ముందే కూల్చాం.

కమ్యూనిటీ సెంటర్‌లో మా సంఘానికి ఒక బీరువా గది ఉంది. తాళం ఏడేళ్లుగా పరంధామయ్య జేబులోనే ఉంటుంది. పన్నెండో తేదీన అందరి ముందూ నిలబడి నలభై నిమిషాలు మాట్లాడాను. పదహారో లూయీ దగ్గర మొదలుపెట్టి, ‘నియంత’ అన్న మాట పరంధామయ్య మొహం మీదే వాడాను. ఆయన లేచి జేబులోంచి తాళం తీసి, “తీసుకోండి మాస్టారూ, ఏడేళ్లుగా ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నాను” అన్నాడు. పూర్తిగా లొంగిపోయాడన్నమాట. ఆయన భార్య మాత్రం కళ్లు తుడుచుకుంటూ వెళ్లి కారులో కూర్చుంది. రాజకుటుంబాలకు ఇది తప్పదు.

తలుపు తెరిచాం. బాస్టీల్‌లో దొరికింది ఏడుగురు ఖైదీలే. మాకు ఏడు విరిగిన కుర్చీలు, కాగితపు ప్లేట్ల కట్ట ఒకటి దొరికాయి. ఆ కుర్చీల్లో ఒకదాని మీదే నన్ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. జాగ్రత్తగా కూర్చున్నాను.

అదే రోజు మూడు శాసనాలు చేశాం. ఒకటి, మూడు వర్గాలూ రద్దు. ఎండా నీడా అందరికీ సమానం. రెండు, పులిహోర పన్ను రద్దు. ఫ్రెంచి వాళ్లు జమీందారీ పన్నులు ఎత్తేయడానికి ఆగస్టు దాకా ఆగారు, మేము ఆగలేదు. ఇక సమోసాలు ఆర్డర్ చేస్తాం. మూడు, ప్రతి శనివారం గంటన్నర చరిత్ర ఉపన్యాసం. ఉపన్యాసం మధ్యలో అల్లుళ్ల కంపెనీల గురించి, పిల్లల సంబంధాల గురించి మాట్లాడేవాళ్లను యాదయ్య నాయకత్వంలో ప్రజా రక్షణ కమిటీ హెచ్చరిస్తుంది. ఇప్పటికి పద్నాలుగు మందిని హెచ్చరించాం.

హాజరు కొంచెం తగ్గింది. ఆడవాళ్లు అసలు రావడం లేదు, స్వేచ్ఛ వచ్చింది కదా, ఇళ్ల దగ్గర విశ్రాంతి తీసుకుంటున్నారు. సమోసాలు మిగిలిపోతున్నాయి.

నువ్వు అడిగినదానికి జవాబు: ఇందులో అడగడానికేముంది? విముక్తి ఎవరికి చేదు?

అన్నట్టు ప్రసూనకు నిన్ను చూడాలనిపించిందట. రెండు వారాలు ఉండి వస్తానంది. కౌశిక్ టికెట్ బుక్ చేశాడు. నేను రాలేను, ఇక్కడ రోబెస్పియర్ గురించి ఉపన్యాసాలు నడుస్తున్నాయి.

కేశవరావు
అధ్యక్షుడు, శుభోదయం

*

పిస్కాటవే
ఆగస్టు 16

బావా,

చెల్లాయి వచ్చి పది రోజులైంది. చిక్కిపోయింది. నువ్వు గమనించావో లేదో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

మొదటి మూడు రోజులూ కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూసింది. నాలుగో రోజు నీహారిక ఆఫీసు మానేసి పక్కన కూర్చుంటే, అప్పుడు ఏడ్చింది. రజినిగారు ఫోన్ ఎత్తడం లేదట. ఎలా ఎత్తుతుంది? ఆవిడ మొగుణ్ని నలభై నిమిషాలు తిట్టింది నువ్వు.

టికెట్ సంగతి చెప్పాలి. డబ్లిన్ తిరిగి రానంటోంది. నెవార్క్ నుంచి నేరుగా హైదరాబాద్‌కు మార్చమని రవిని అడిగింది. వాడు రెండు రోజులు ఆగమన్నాడు. నేను ఆగమనలేదు. నీ తరఫున వాదించడానికి నాకు ఒక్క ముక్క కూడా దొరకలేదు బావా, వెతికాను.

నువ్వు ఫోన్ చేసి మాట్లాడకు. నువ్వు ఫోన్‌లో కూడా ఉపన్యాసమే ఇస్తావు. తనే రాస్తానంది.

విశ్వనాథం

*

పిస్కాటవే
ఆగస్టు 18

శ్రీవారికి,

నమస్కారాలు. మీకు నేనెప్పుడూ ఉత్తరం రాయలేదు కాబట్టి ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నా అక్షరం మాత్రం మీకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు మీ నోట్సు సాఫు రాసింది నేనే. మీ రాత మీకే అర్థమయ్యేది కాదు.

అందుకే మీ ఫ్రెంచి విప్లవం నాకు కంఠస్థం. అందులో అక్టోబరు నెల ఒకటుంది, మీ నోట్సులో రెండే లైన్లు. రొట్టె లేక ప్యారిస్ ఆడవాళ్లు వానలో వెర్సాయ్ దాకా నడిచి వెళ్లి రాజును ఊళ్లోకి తెచ్చుకున్నారు. మీ మగవాళ్లు జూలై నుంచి ఉపన్యాసాలిస్తూ చేయలేనిది వాళ్లు రెండు రోజుల్లో చేశారు. తరువాత నాలుగేళ్లకు విప్లవం వాళ్లే ఆ ఆడవాళ్ల సంఘాలన్నీ మూయించారు. వాళ్లకు ఓటు రావడానికి ఇంకా నూట యాభై ఏళ్లు పట్టింది. లైబ్రరీ పుస్తకంలో ఆ పేజీ చూసి, “ఇది కూడా రాయనా?” అని మిమ్మల్ని అడిగాను. “పరీక్షలో రాదు, వదిలెయ్” అన్నారు. వదిలేశాను.

ఇప్పుడు ఇంకోటి చెబుతాను, ఇది కూడా మీ పరీక్షలో రాదు. వంతుల పద్ధతి పెట్టింది పరంధామయ్యగారు కాదు, రజినిగారు. “ఊరికే రండి అంటే ఎవరూ రారు జ్ఞానప్రసూనా, ‘ఎందుకులెండి, మీకు శ్రమ’ అంటారు. మీ వంతు అంటే మాత్రం జ్వరమొచ్చినా వస్తారు” అని ఆవిడే నాతో చెప్పింది. కొత్తగా వచ్చిన ఆడవాళ్లను ఇంట్లోంచి బయటికి లాగడానికి ఆవిడ అల్లిన నియమం అది. మీరు దాన్ని పన్ను అనుకున్నారు. మీరు ఎత్తేసింది పులిహోర కాదు. ఉదయం ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఫ్రిజ్ చప్పుడు వింటూ కూర్చునే నాకు వారంలో ఉన్న ఒక్క మధ్యాహ్నం ఎత్తేశారు. మీకు చెప్పబోతే, “ఉండు, డిక్లరేషన్ రాస్తున్నాను” అన్నారు.

మీ మీద నాకు కోపంగా ఉంది. నలభై ఒక్క ఏళ్లలో ఈ మాట అనడం ఇదే మొదటిసారి, అందుకే స్పష్టంగా రాస్తున్నాను.

మూడు వర్గాలూ రద్దు చేశానని అన్నయ్యకు రాశారు. మరి ఆ పికిల్‌బాల్ కోర్టులో ప్రమాణం చేసిన పదకొండు మందిలో ఆడమనిషి ఉందా? మీరు అధ్యక్షుడైన రోజు చేతులెత్తిన వాళ్లలో ఉందా? మీ కొత్త సంఘంలో నాకు ఓటుందా? ఉంటే చెప్పండి. వేయాలని ఉంది.

నా హైదరాబాద్ టికెట్ మార్చడానికి సెప్టెంబరు ఇరవై దాకా గడువుందని రవి చెప్పాడు, అప్పటిదాకా ఇక్కడే ఉంటాను.

జ్ఞానప్రసూన

*

డబ్లిన్
సెప్టెంబరు 14

ప్రసూనా,

నిన్న ఎన్నిక జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. మూడో రోజు పరంధామయ్యగారింటికి నడిచి వెళ్లాను. గంటకు పైగా పట్టింది. ఆయన తలుపు తీసి, ముందు మంచినీళ్లిచ్చాడు. తప్పయింది అన్నాను. “పోనీలెండి మాస్టారూ, పాఠం బాగానే చెప్పారు. నేను డిగ్రీలో హిస్టరీ తీసుకోలేదు” అన్నాడు. రెండు ముక్కలు తిట్టి ఉంటే బాగుండేది, నాకు తేలికయ్యేది. రజినిగారు వంటింట్లోంచి రాలేదు. నేనే గుమ్మం దగ్గర నిలబడి, అధ్యక్షురాలిగా మీరు ఉండండని అడిగాను. లోపలి నుంచే, “మీరు ఇస్తే నాకొద్దండి. ఎలక్షన్ పెట్టండి, ఆడవాళ్లందరికీ ఓటివ్వండి, మీరూ నిలబడండి. అప్పుడు చూద్దాం” అంది.

కమిటీలో చెబితే యాదయ్య లేచాడు. “ఆడోళ్లకు ఓటేందన్నా? ఇంట్ల నడిచేది వాళ్ల మాటే గద, ఈడ గూడనా?” అన్నాడు. నెల కిందటైతే ఆ మాటకు నేనూ నవ్వేవాణ్ని. నువ్వు వదిలేసిన ఆ పేజీ నోటికి గుర్తున్నంత చెప్పాను. మర్నాడు యాదయ్య వాళ్లావిడ రేణు ఫోన్ చేసి, “ఓటు ఎన్ని గంటలకన్నా?” అని అడిగింది.

ఊళ్లో లేనివాళ్లు పోస్టులో పంపవచ్చని నియమం పెట్టాం. ఊళ్లో లేనిది నువ్వొక్కదానివే. నా పేరు, రజినిగారి పేరు ఉన్న చీటీ నీకు పంపిన రోజు నేను ఏ దిగులూ పెట్టుకోలేదు. నిజం చెబుతున్నాను, నీ ఓటు నాదే అనుకున్నాను. అడగాల్సిన పని ఉందని అప్పుడు కూడా తోచలేదు.

నిన్న నాలుగింటికి షెడ్డు నిండిపోయింది. శుభోదయంలో అంతమంది ఆడవాళ్లు ఉన్నారని నాకు తెలియదు. కాగితాలు లెక్కపెట్టారు. నాకు ఇరవై రెండు, రజినిగారికి ఇరవై రెండు. నీ కవరు ఒక్కటే మిగిలింది. అధ్యక్షుణ్ని కాబట్టి నేనే చించాలన్నారు. పదహారో లూయీకి శిక్ష వేసిన సభలో మెజారిటీ ఒక్క ఓటేనని పాఠం చెప్పేవాణ్ని. వేసినవాళ్లలో రాజుగారి దగ్గరి బంధువు కూడా ఉన్నాడని చెబితే క్లాసులో పిల్లలు నవ్వేవాళ్లు. కవరు చించాను.

నీ గీత రజినిగారి పేరు పక్కన ఉంది. సరళరేఖలా గీశావు, ఎక్కడా తడబాటు లేదు. గట్టిగా చదివాను. ఆడవాళ్ల వైపు నుంచి పెద్ద కేక లేచింది. నేనూ చప్పట్లు కొట్టాను. సిగ్గేసింది, లోపల ఎక్కడో కాస్త గర్వంగానూ ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎలా వచ్చాయో చెప్పలేను.

చీటీ మడవబోతే కింద ఇంకో లైను కనిపించింది. అది కూడా చదవమన్నారు. “ఓడిపోయాక ఈయన్ని ఒక్కణ్నీ నడిపించి పంపకండి. ఎవరైనా కారులో దింపి రండి.” సగమే చదివి చీటీ కిందికి దించాను. మిగతా సగం రజినిగారు తీసుకుని చదివింది.

పరంధామయ్యగారే దింపారు. నేను తాళం తీసేదాకా కారు ఆపి ఉంచి, చెయ్యి ఊపి వెళ్లిపోయారు.

నమ్రత వాళ్లు ఎవరింటికో పార్టీకి వెళ్లారు. వెలుతురింకా ఉంది. నీ కుర్చీలో కూర్చున్నాను. పక్కింటి గ్యారేజీ తలుపు ఒకసారి తెరుచుకుని మూసుకుంది. తరువాత ఫ్రిజ్ మొదలైంది. ఎంతసేపైందో అనుకుని గడియారం చూస్తే ఇరవై నిమిషాలే అయింది.

టికెట్ నీ ఇష్టం. హైదరాబాద్ అంటే నేనూ మార్చుకుని నీతోనే వస్తాను. ఇక్కడికే వస్తానంటే శుక్రవారం కారు మళ్లీ మొదలవుతుందని రజినిగారు చెప్పమంది. నేను ఏదీ నిర్ణయించలేదు.

ఒక్కటి మాత్రం అడగాలని ఉంది. నాలుగు నెలలు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, ఈ ఇంట్లో ఒక్కదానివే ఎలా కూర్చున్నావు ప్రసూనా?

కేశవరావు